పైడయ్య పళ్ళ సెట్టు - పోలమ్మ పుట్టుక గుట్టు

"సూర్యం, నేరస్థుడు గాలిలో కలిసిపోవచ్చు, సముద్రంలో మునిగిపోవచ్చు. కానీ ఈ ఢిల్లేశ్వరరావు చూపు నుంచి మాత్రం తప్పించుకోలేడు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా మేధావి అనదగ్గవాడు ఒక్కడే పుట్టాడు. వాడిప్పుడు నీ ఎదురుగా కూర్చున్నాడు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. అతని చెప్పుల్లో ఒకదాన్ని అప్పుడే ఒక కుక్క నోట కరుచుకుని రోడ్డు దాటుతోంది.

"బావా, నీ సెప్పు కుక్క అట్టుకుపోతంది," అన్నాడు సూర్యం.

"నాకు తెలుసు. అది ఎక్కడికి వెళ్తుందో చూద్దామనే వదిలాను."

కుక్క సందు తిరిగింది. ఢిల్లేశ్వరరావు కదల్లేదు.

కాశీబుగ్గ బస్టాండు పక్కన అతనికి ఒక ఎస్టీడీ బూత్ ఉండేది. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక అందులోకి ఈగలు తప్ప ఎవరూ రావడం మానేశారు. మరొకడైతే రీచార్జి కార్డులు పెట్టుకునేవాడు. ఢిల్లేశ్వరరావు మాత్రం, పుస్తకాలు అద్దెకిచ్చే షాపు ఎత్తేస్తున్నారని విని డిటెక్టివ్ నవలలన్నీ మూటగట్టి తెచ్చుకుని, వానాకాలమంతా చదివి, 'ఢిల్లీ డిటెక్టివ్ ఏజెన్సీ' అని బోర్డు కట్టాడు. ఫోను పెట్టిన అద్దాల గదికి ఇంటరాగేషన్ రూమని పేరు పెట్టాడు. బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్ళు ఢిల్లీకి రైలు టిక్కెట్లు దొరుకుతాయా అని అడిగి పోయేవారు. అతను వాళ్ళందరినీ అనుమానితుల కింద జమకట్టాడు. మామూలుగా పుస్తకాల భాషలోనే మాట్లాడేవాడు గానీ, భయం వేస్తే అది కాస్తా జారిపోయి ఊరి భాష బయటపడేది.

సూర్యం జీడిపప్పు వ్యాపారి. నిండు గుండు ఏదో విడిపోయిన బద్ద ఏదో చీకట్లో తడిమి చెప్పగలడు, పుచ్చు పప్పుని ఇట్టే పట్టేస్తాడు. స్నేహితుల దగ్గర మాత్రం ఆ చెయ్యి పనిచేయలేదు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి ఈ బావని ఇంకా మోస్తున్నాడు. ఆ రోజు అతను ఒక బాధ చెప్పుకోవడానికే వచ్చాడు.

"బావా, మా హిమజ పెళ్ళి ఆగిపోనాది," అన్నాడు.

ఢిల్లేశ్వరరావు కుర్చీలో ముందుకి వంగాడు. "హత్యా, అపహరణా?"

"వరస."

హిమజ సూర్యానికి అక్క కూతురు. విశాఖలో బయోటెక్నాలజీ చదివి అక్కడే తమ మేడం గారి ల్యాబులో పనిచేస్తోంది. నిమ్మాడ కుర్రాడు శ్రీను టెక్కలిలో లెక్కల మాస్టారు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడి, పెద్దల్ని ఒప్పించుకుని, నిశ్చితార్థం దాకా వచ్చారు. ఉద్దానంలో సూర్యం వాళ్ళ ఇంట్లో, కొబ్బరి తోట నీడన, తాంబూలాలు పళ్ళెంలో పెట్టి ఉండగా వచ్చింది చిక్కు.

సూర్యం తల్లి పోలమ్మ తన కన్నవాళ్ళెవరో ఎరగదు. చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో, రంగూన్ నుంచి జనం పారిపోయి వస్తున్నప్పుడు హౌరా స్టేషన్లో తప్పిపోయి ఏడుస్తుంటే, ఉద్దానం దంపతులు ఎవరో తీసుకొచ్చి పెంచుకున్నారు. పోలమ్మ అన్న పేరు కూడా వాళ్ళు పెట్టిందే. ఆమెకి గుర్తున్నది ఒక్కటే. తన సంకన ఒక చంటిపిల్ల ఉండేది. జనం తోపులాటలో ఆ పిల్లని ఎవరో అందుకున్నారు, తను వెనకబడిపోయింది.

శ్రీను అమ్మమ్మ కాసులమ్మ సంతబొమ్మాళి నుంచి నిశ్చితార్థానికి వచ్చింది. మాటల్లో మాటగా, "మాదీ రంగం నుంచి వచ్చిన కుటంబమే. మా అప్ప హవురాలో తప్పిపోనాదంట," అంది. రంగూన్‌ని రంగం అనడం, అక్కని అప్ప అనడం అక్కడి అలవాటు. పోలమ్మ చేతిలో ఉన్న తమలపాకుల పళ్ళెం జారిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు తడుముకున్నారు. అదే ముక్కు, అదే గడ్డం. చూస్తున్నవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి.

కామేశ్వరరావుకి తప్ప. పెళ్ళిళ్ళలో వరసలు లెక్కగట్టడం కోసమే దేవుడు ఆయుష్షిచ్చిన పెద్దమనిషి ఆయన. వేళ్ళు మడిచి మొదలెట్టాడు. "ఆగండి. మీరిద్దరూ అప్పాసెల్లెళ్ళయితే, మీ కూతుళ్ళిద్దరూ అప్పాసెల్లెళ్ళు. ఆళ్ళ పిల్లలు, అంటే ఈ పిల్లా ఈ పిల్లడూ, అన్నాసెల్లెళ్ళు. అన్నాసెల్లెళ్ళకి పెళ్ళేటి."

అంతే. పోలమ్మ, కాసులమ్మ పట్టుకున్న చేతులు వదిలేసుకున్నారు.

"రంగం నుంచి వచ్చి తప్పిపోయిన పిల్లలు ఒకరా ఇద్దరా బావా," అన్నాడు సూర్యం. "ఈళ్ళిద్దరూ ఒకటని రుజువేటి. అందుకే హిమజ డీఎన్ఏ పరీచ్చ సేయిద్దారంది. కాదని తేలితే పెళ్ళి. అవునని తేలితే..."

అవునని తేలితే అమ్మకి పుట్టెడు సంతోషం, మేనకోడలికి పుట్టెడు దుఃఖం. ఏది కోరుకోవాలో తెలియక అతను వారం నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు.

ఢిల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఏళ్ళ తరబడి ఒక అదృశ్య హస్తం రెండు కుటుంబాలతో చదరంగం ఆడుతోంది. ఈ కేసు నేను తీసుకున్నాను."

"నాను ఇవ్వలేదు బావా."

"ఇవ్వకపోయినా తీసుకోవడమే ప్రతిభ."

విశాఖ నుంచి పుల్లలకి చుట్టిన దూది వచ్చింది. పెళ్ళికూతురే తీస్తే బాగుండదని కామేశ్వరరావు అడ్డుపుల్ల వేయడంతో, నమూనాలు తీసే పని బయటివాడైన ఢిల్లేశ్వరరావుకి పడింది. హిమజ ఫోనులో ఓపిగ్గా చెప్పింది.

"బుగ్గ లోపల రుద్ది కవర్లో పెట్టడమే అంకుల్. మనలో తల్లి నుంచి మాత్రమే వచ్చే ముక్క ఒకటుంటుంది. కొడుకులకీ వస్తాది గానీ ఆళ్ళ దగ్గరే ఆగిపోద్ది. కూతుళ్ళే ముందుకి తీసుకెళ్తారు. తల్లి, తల్లికి తల్లి, ఆవిడకి తల్లి, అలగ ఒకటే పాయ. తండ్రితో, ఇంటిపేరుతో పనిలేదు."

"అర్థమైంది. తల్లి వైపు. అంటే తల్లి పుట్టింటి ఇంటిపేరు పట్టుకుని పోవాలి."

"కాదంకుల్. ఇంటిపేరు తండ్రిది కదా. ఆడపిల్ల ఇల్లు మారినప్పుడల్లా అది మారిపోద్ది."

"చాలు తల్లీ. మిగతాది నేను ఊహించగలను," అని ఢిల్లేశ్వరరావు ఫోను పెట్టేశాడు. అతని ఊహ ఎటు పోతుందోనని సూర్యానికి అప్పుడే అనుమానం వచ్చింది.

ముందు పోలమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ బుద్ధిగా నోరు తెరిచింది. పని అయ్యాక ఆ దూది వంక చూస్తూ, "మాయమ్మెవులో ఈ పుల్లకి తెలిసిపోద్దా నాయినా," అంది. దాన్ని కవర్లో పెడుతుంటే, "ఇన్నాళ్ళకి నాకో సెల్లి దొరికితే బాగున్ను. దొరికితే హిమజ గుంట పెళ్ళి ఆగిపోద్ది. నాను దేవుడికి ఏటని దండమెట్టుకోవాలిరా సూర్యం," అంది. సూర్యం బయటికొచ్చి మోపెడ్ తుడుచుకున్నాడు.

సంతబొమ్మాళిలో కాసులమ్మ అరుగు మీద మూతి బిగించి కూర్చుని ఉంది. ఎన్ని అడిగినా ఊఁ అనడమే తప్ప నోరు విప్పదు.

"సాక్షి మౌనం వహిస్తోంది," అన్నాడు ఢిల్లేశ్వరరావు సూర్యం చెవిలో. "మౌనం వెనక రహస్యం ఉంటుంది. మెరుపులా దాడి చెయ్యాలి." అని, ఆవిడ ఊఁ అనే సందులోంచి దూది పుల్లని లోపలికి తోశాడు.

నోట్లో రహస్యం లేదు. చుట్ట ఉంది. ఉత్తరాంధ్ర ముసలమ్మల పద్ధతిలో నిప్పు చివర లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. చుర్రుమంది. ఢిల్లేశ్వరరావు పుల్ల బయటికి లాగేసరికి దూది దీపం వత్తిలా వెలుగుతోంది.

"ఓలమ్మో, ముసిల్దాని కడుపులో నిప్పుందిరా బావా," అని పుస్తకాల భాషంతా మరిచిపోయి అరుగు దిగిపోయాడు.

కాసులమ్మ తాపీగా చుట్ట తీసి, నీళ్ళు పుక్కిలించి, "ముందు సెప్పొచ్చు గదా," అని ఇంకో పుల్ల తనే తీసుకుని బుగ్గ లోపల రుద్ది సూర్యం చేతికిచ్చింది. ఇచ్చి, "నాయినా, మీ యమ్మ నా గురించి ఏటన్నా అన్నాదా," అని మెల్లగా అడిగింది.

నమూనాలు విశాఖ వెళ్ళాయి. అక్కడితో ఊరుకుంటే అతను ఢిల్లేశ్వరరావు ఎందుకవుతాడు. కాసులమ్మ పుట్టింటివాళ్ళు నందిగాం దగ్గర బమ్మిడివాళ్ళని, ఆ ఇంటిపేరులో మిగిలిన పెద్ద మనిషి పైడయ్య ఒక్కడేనని తెలుసుకుని, హెల్త్ డిపార్టుమెంటు వేషంలో సూర్యం మోపెడ్ ఎక్కి బయల్దేరాడు. వేషమంటే తెల్ల చొక్కా, మెడలో కొలతల టేపు. హిమజ లెక్కలో పైడయ్య ఎందుకూ పనికిరాడు, తండ్రి వైపువాడు. ఆ సంగతి సూర్యం చెప్పబోతే, "ఇంటిపేరు లేకుండా వంశమేమిటి," అని కొట్టిపారేశాడు.

పైడయ్య అప్పుడే అన్నం తిని, పళ్ళ సెట్టు తీసి గ్లాసు నీళ్ళలో వేసి, కమ్మల పందిరి కింద మంచం మీద నడుం వాల్చాడు. మనుషులు కనబడితే ఆయనకి పండగ. "కూకోండి బాబూ. నాను సిన్నప్పుడు రంగంలో..." అని బోసినోటితో మొదలెట్టాడు.

"రంగం కబుర్లు వద్దు తాతా. మేము వచ్చిన పని వేరు," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"మా కాసులి రంగంలోనే గదా..."

"తాతా, మాట్లాడితే బీపీ పెరుగుతుంది. పడుకో."

రెండుసార్లు నోరు మూయించాక ముసలాయన నొచ్చుకుని అటు తిరిగి నిద్రపోయాడు. తిరుగు దారిలో మోపెడ్ వెనక కూర్చున్న ఢిల్లేశ్వరరావు సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. సూర్యం బండి కొబ్బరి బోదెకి గుద్దకుండా ఆపగలగడం అమ్మవారి దయ. కవర్లో పైడయ్య పళ్ళున్నాయి.

"ఎగ్జిబిట్ ఏ," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"ముసిలాయన కూడెలగ తింతాడు బావా. ఇచ్చీ."

"ఫలితం వచ్చాక ఇస్తాను. పైగా నేను దొంగని కాను. గ్లాసులో నా విజిటింగ్ కార్డు వదిలి వచ్చాను. తన ముద్ర వదలకుండా ఏ గొప్ప డిటెక్టివూ వెళ్ళడు."

వెనక్కి తిప్పుదామంటే బండిలో పెట్రోలు లేదు. మర్నాటి నుంచి జీడిపప్పు లోడింగు. ఆ పళ్ళు సంచిలోనే ఉండిపోయాయి.

ఫలితం వచ్చిన రోజు హిమజ తనే ఫోను చేసింది. "ఒకటే పాయ మావా," అంది. "ఇటువంటిది మా ల్యాబులో ఇంకొకటి కనబళ్ళేదంట. అప్పాసెల్లెళ్ళని ఈ పరీచ్చ సెప్పదు. ఒకే తల్లి పాయ అని మాత్రం సెప్తాది. కానీ ఇంకేటుంటాది మావా."

ఆదివారం రెండిళ్ళవాళ్ళూ పోలమ్మ ఇంటి దగ్గర కలిశారు. మాట వెనక్కి తీసుకోవడమూ మర్యాదగానే జరగాలి కదా. హిమజ ఒక స్తంభం దగ్గర, శ్రీను ఇంకో స్తంభం దగ్గర నిలబడ్డారు. అన్నాచెల్లెళ్ళని అన్న దగ్గర్నుంచి ఒకరి వైపు ఒకరు చూసుకోవడానికి కూడా భయపడుతున్నారు. శ్రీను తల్లి దేవి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. కాసులమ్మ చుట్ట వెలిగించి, పీల్చకుండానే పట్టుకుని కూర్చుంది.

పోలమ్మ సూర్యాన్ని పక్కకి లాగింది. "ఆ కాయితం తప్పని సెప్పీరా."

"అమ్మా."

"నానెవులికీ ఏటీ కాను. ఇన్నేళ్ళూ అలగే బతికినాను. ఉన్న నాలుగు రోజులూ బతకలేనా. గుంటలిద్దరూ బాగుంటే సాలు."

తల్లి పోగొట్టుకున్నదేమిటో సూర్యానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. రైలు కూత వినబడితే ఆవిడ చేతిలో పని ఆగిపోయేది. అటువంటి మనిషి దొరికిన చెల్లెల్ని మళ్ళీ తన చేత్తోనే వదిలేస్తానంటోంది. సూర్యానికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఢిల్లేశ్వరరావు వాకిట్లో నడుమకి వచ్చి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఈ గదిలోంచి ఎవరూ కదలకూడదు."

"ఇది వాకిలి గదా," అన్నాడు కామేశ్వరరావు.

"ఈ వాకిట్లోంచి ఎవరూ కదలకూడదు. ఈ నాటకం వెనకున్న అసలు మనిషి మరికొద్ది క్షణాల్లో బయటపడతాడు."

బయట ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి కర్ర, కర్ర వెనక పైడయ్య దిగారు. ఆయన చేతిలో తడిసి ఆరిన విజిటింగ్ కార్డు ఉంది. కాశీబుగ్గ బూత్ దగ్గర టీకొట్టువాడు అడ్రసు చెప్పి మరీ పంపించాడట. కోపంతో బుగ్గలు లోపలికీ బయటికీ పోతున్నాయి గానీ మాటలు మాత్రం గాలిగానే వస్తున్నాయి.

ఢిల్లేశ్వరరావు కొబ్బరికాయల పోగు వెనకాలకి దూరాడు. "బావా, ఇచ్చీ. పళ్ళు ఇచ్చీ. నా సంచిలో ఉన్నాయి," అంటూ కాయల సందులోంచి గొంతు వచ్చింది.

సూర్యం ఎగ్జిబిట్ ఏని బోరింగు దగ్గర కడిగి తెచ్చి ఇచ్చాడు. పైడయ్య వాటిని నోట్లో అమర్చుకుని, రెండుసార్లు కటకటలాడించి, సరిపోయాయనుకున్నాక మొదలెట్టాడు. "ఎవుడ్రా ఆ టేపులోడు. వారం నుంచి గంజి తాగతన్నాను." ఢిల్లేశ్వరరావు ఏడు తరాలనీ తలుచుకున్నాక చుట్టూ చూశాడు. "కాసులీ, నువ్విక్కడున్నావేటి. అందరూ ఏడుపు మొకాలేటి."

"పైడన్నా, మా అప్ప దొరికింది," అంది కాసులమ్మ పోలమ్మని చూపిస్తూ. "హవురాలో తప్పిపోయిన అప్ప. పరీచ్చలో తేలింది. అందుకని పెళ్ళాగిపోనాది."

పైడయ్య పోలమ్మ దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. "ఇది గున్నమ్మ కూతురే. అదే మొకం," అన్నాడు. "కానీ కాసులీ, నీకు అప్ప తప్పిపోలేదే."

పైడయ్య కర్ర కింద పెట్టి కాసులమ్మ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు రంగంలో పుట్టినావు. పుట్టిన నెలకే మీ యమ్మ పోనాది. మీ పెద్దప్ప గున్నమ్మకి అప్పటికే పెళ్ళయి సిన్నపిల్ల ఉంది. ఆ పిల్లతోపాటు నిన్నూ సాకింది. నువ్వు అమ్మా అంటే ఊఁ అన్నాది. తల్లి లేని పిల్లని నిన్నెవులూ అనకూడదని మా అందరి సేతా ఒట్టేయించుకున్నాది. హవురాలో తప్పిపోయింది ఆ గున్నమ్మ కన్న పిల్ల. నీకు అప్ప కాదు, అప్ప కూతురు."

"అయితే మాయమ్మ..." అంది కాసులమ్మ.

"నీకు అప్ప," అన్నాడు పైడయ్య.

కాసులమ్మ చేతిలోని చుట్ట నేలకి నొక్కి ఆర్పింది. "తన పిల్ల తప్పిపోయినా నన్ను ఒక్క మాటనలేదు," అంది. "నన్నే గట్టిగా పట్టుకుని పడుకునేది."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి తాతా," అన్నాడు సూర్యం.

"గున్నమ్మ పోయినాక ఒట్టూ పోనాది. కానీ ఎవులడిగినారు. మొన్న రంగం కబురెత్తితే ఆ టేపులోడు నోరు మూసీమన్నాడు."

కామేశ్వరరావు అప్పటికే వేళ్ళు మడుస్తున్నాడు. ఆయన పెదవులు కదులుతుంటే వాకిలంతా ఆ వేళ్ళనే చూసింది. "కాసులమ్మ పోలమ్మకి పిన్నమ్మ. అంటే కాసులమ్మ కూతురు దేవి, ఈ పోలమ్మ, ఇద్దరూ అప్పాసెల్లెళ్ళు. దేవి కొడుకు శ్రీను. పోలమ్మ కూతురికి తమ్ముడవుతాడు. ఆ పోలమ్మ కూతురి కూతురు హిమజ. అంటే శ్రీనుకి..." ఆగి, వేళ్ళన్నీ మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు. "అప్ప కూతురు. మేనకోడలు."

"అంటే?" అన్నాడు శ్రీను. లెక్కల మాస్టారికి ఈ లెక్క అందలేదు.

"అంటే ఏటిరా. మేనమావవి నువ్వు సేసుకోక మరెవులు సేసుకుంటారు. నీదే ముందు హక్కు. తాంబూలాలు తేండి."

పోలమ్మ లేచి వచ్చి, తనకన్నా చిన్నదైన కాసులమ్మ కాళ్ళకి వంగింది. "పిన్నమ్మా," అంది. అలా పిలవడానికి ఆవిడకి ఒక మనిషి దొరకడం అదే మొదటిసారి.

కాసులమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "ఒలే, నన్ను సంకనెత్తుకున్నదానివి, నాకు దండమెట్టకే," అని ఆవిడ మెడ పట్టుకుని బావురుమంది. ఈసారి ఇద్దరూ చేతులు వదల్లేదు.

కొబ్బరికాయల పోగు కదిలింది. పీచు దులుపుకుంటూ ఢిల్లేశ్వరరావు బయటికి వచ్చాడు. "కీలక సాక్షి తనంతట తాను రాడు. అందుకే పళ్ళని ఎరగా వేశాను. మొదటి నుంచీ ఇదే నా పథకం." పైడయ్య కర్ర ఎత్తేసరికి పథకకర్త మళ్ళీ పోగు వెనక్కి వెళ్ళాడు. సూర్యం మాత్రం అతనికి లోపలి నుంచి గారెలు తెచ్చి, పోగు సందులోంచి అందించాడు. ఎలా చూసినా ఈ మనిషి చేసిన దొంగతనం వల్లే తన తల్లికి పుట్టిల్లు దొరికింది మరి.

తాంబూలాల హడావిడి మొదలైంది. స్తంభం దగ్గర నుంచి హిమజ పిలిచింది. "మావా, ఒకసారి ఇటు రా."

ఆ పిల్లకి మాటలొచ్చిన దగ్గర్నుంచీ మావా అంటే తనే. సూర్యం అలవాటుగా చేతిలో పళ్ళెం కింద పెట్టి తిరిగాడు. హిమజ అతని వైపు చూడటమే లేదు. రెండో స్తంభం దగ్గరున్న శ్రీనుని చూస్తోంది.